మా ఇంటి కాళ్ళు

మొదటి దీవి

తొడుగు విప్పగానే, ఒళ్ళింకా చల్లారకముందే, ఏమనిపించిందో ఈ యంత్రానికి చెప్పమన్నారు ఓడ డాక్టరు గారు. దీవి దిగిన ప్రతి మనిషీ చెప్పాలట. అవతల వినేది ఎవరో తెలీదు. నేను తొమ్మిదిలోనే బడి మానేసినవాణ్ణి, వరస పెట్టి చెప్పడం రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పేరు వీరబాబు. మా ఇంటికి కాళ్ళు నేనే.

కుటుంబానికి ఒక్కరే దిగాలన్నది దీవులవాళ్ళ షరతు. సముద్రం మింగగా మిగిలిన ఇసుక కదా, అందరూ తొక్కితే అదీ ఉండదని వాళ్ళ భయం. మిగతావాళ్ళు ఓడలోనే గదిలో పడుకుని మెడకి పట్టీ కట్టుకుంటారు. దిగినవాడి ఒంటి మీద తొడుగు ఉంటుంది. వాడు తింటే వీళ్ళకి రుచి తెలుస్తుంది, వాడు తడిస్తే వీళ్ళకి చలేస్తుంది. వాడి చెవిలో ఉన్న బిళ్ళలోంచి వీళ్ళ మాటలు వినపడతాయి.

మా ఇంట్లో దిగేది ఎవరన్న దాని మీద వాదనే జరగలేదు. "కాలుగాలిన పిల్లి మనింట్లోనే ఉంటే ఇంకోళ్ళెందుకు?" అన్నాడు నాన్న. అబద్ధం కాదు. ఒకచోట కూర్చోలేను. మా టవర్లో పై అంతస్తులకి సామాన్లు మోసే పనిలో కుదిరింది కూడా అందుకే.

వాదన జరిగిందల్లా దీవిలో ఏం చేయాలన్న దాని మీద. ఒక్కో దీవికి ఒక్కటే ఎంచుకోవాలి. కౌంటర్లో ఉండే ఫిలోమినా గారిది యానాం. మా మాట వినగానే మొహం విప్పారింది ఆవిడకి. పలక మీద బొమ్మలు చూపించారు. విందు, తాబేళ్ళతో ఈత, లోయ మీద తాడు, గుర్రపు స్వారీ, అద్దం పడవ.

"తాబేళ్ళు," అంది లోవలక్ష్మక్క.

"తాడు. ఇంత దూరమొచ్చి తాబేళ్ళేంటి?" అన్నాడు బావ.

"నీళ్ళూ వద్దు, తాడూ వద్దు. పిల్లోడికేవన్నా అయితే?" అంది అమ్మ.

"ఈడికేవవుద్ది, గుండ్రాయిలాగున్నాడు. విందు రాయండమ్మా. షుగరొచ్చాకా నేను తీపి మొహం చూళ్ళేదు. ఈడు తింటే నాకు పెరగదు కదండీ?" అని అడిగాడు నాన్న.

"ఆయ్, పెరగదండి. రుచి మీది, అరుగుదల ఆయనిది," అన్నారు ఫిలోమినా గారు.

మామ్మని ఆఖర్న అడిగారు. "నన్నడగడవేంట్రా, ఏదోటి కానీండి," అంది. నన్ను అడగలేదు. కాళ్ళని ఎవరన్నా అడుగుతారా.

కొబ్బరాకుల పందిరి కింద విందు. ఒక్కో కుటుంబానికి ఒక్కో బల్ల, బల్ల నిండా ఆకుల్లో చుట్టి కాల్చిన చేపలు, పనసతొనలు, కొబ్బరిపాలల్లో ఉడికించిన తీపి. ప్రతి బల్ల దగ్గరా ఒక్కడే మనిషి. ఇంటికి ఒకడు. అందరూ నవ్వుతున్నారు, తలలూపుతున్నారు, "ఇదిగో ఇప్పుడు ఆ పచ్చది తింటున్నా" అని చెబుతున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

"ఆ తీపి ఇంకోటి ఎయ్యరా," అన్నాడు చెవిలో నాన్న.

వేసుకున్నాను. పక్క బల్ల దగ్గర నా ఈడువాడే ఉన్నాడు. వంగి, "చేప బాగుందా?" అని అడిగాను. వాడు వేలు పెదాల మీద పెట్టుకుని, చెవి చూపించాడు. ఇంటివాళ్ళు మాట్లాడుతున్నారట.

తిరిగొచ్చేసరికి గదిలో అందరూ తృప్తిగా దొర్లుతున్నారు. నాన్న తేనుస్తున్నాడు. ఆకలేస్తోందా అని నన్నెవరూ అడగలేదు, అడగక్కర్లేదు కూడా. అమ్మ మాత్రం గుండె మీద చెయ్యేసి రుద్దుకుంటోంది.

"తిన్నాకా ఇక్కడ రాయెట్టినట్టయ్యిందేంటో," అంది.

"అరగలేదు. కొబ్బరిపాలు కదా," అన్నాడు నాన్న.

మామ్మ నావైపు చూసింది.

రెండో దీవి

అక్క పంతం నెగ్గింది. తాబేళ్ళు.

నీళ్ళ అడుగున అంత వెలుతురుంటుందని నాకు తెలీదు. పచ్చటి నీళ్ళలో మా టవర్ కింద వరద పైపు మూతంత తాబేళ్ళు, ముసలాళ్ళు వాకింగుకి వెళ్ళినట్టు, తొందరే లేదు. ఒకటి నా పక్కనుంచి వెళుతూ కన్ను తిప్పి చూసింది. చెవిలో అక్క చిన్నపిల్లలా నవ్వుతోంది. "ముట్టుకోరా, మెల్లగా ముట్టుకో. అయ్య, ఎంత నున్నగుందో."

కాసేపయ్యాక అక్క గొంతు మారింది.

"ఒరే తమ్ముడూ, నాకేంటో ఏడుపొత్తందిరా."

"ఎందుకే?"

"తెల్దు. తాబేలెల్లిపోయింది కదా, అందుకేమో."

తాబేలు వెళ్ళిపోయినందుకు కాదు. అది వెళ్ళాక నీళ్ళలో నేనొక్కణ్ణే ఉన్నాను. గదిలో బావ గొంతు వినిపించింది, "ఇప్పుడు ఎవరు పోయారని ఏడుత్తున్నారు అందరూ?" అంటూ.

ఓడెక్కి తొడుగు విప్పగానే బావ దాన్ని కౌంటర్ బల్ల మీద పెట్టి గొడవకి దిగాడు. "పాడైపోయిన తొడుగు అంటగట్టారు మాకు. డబ్బులిచ్చి ఏడుపు కొనుక్కుంటామా?"

ఫిలోమినా గారు తొడుగుని పెట్టెలో పెట్టి పరీక్షించారు. పచ్చదీపం వెలిగింది. ఆవిడ నా మొహం వైపు చూడకుండానే చెప్పారు. "తొడుగు బాగానే ఉందండి. ఆలోచనలు రావు గానీ, ఒంట్లో ఉన్నదంతా వచ్చేత్తది. బరువు మనిషిలోంచి వత్తంది."

అందరూ నావైపు తిరిగారు.

"నీకేంట్రా బాధ? పనిలేదు, పాటలేదు, దీవులన్నీ నువ్వే తిరుగుతున్నావు. మేం మంచాల మీదున్నాం. నీకేం బరువు?" అన్నాడు నాన్న.

ఒళ్ళంతా ఇంటిల్లిపాదీ ఉన్నారు, పక్కన ఒక్కరూ లేరు. ఇది అక్కడ చెప్పాల్సింది. ఇప్పుడు యంత్రానికి చెబుతున్నాను.

"ఏం లేదు," అన్నాను.

వేరే దారి లేదా అని బావ అడిగితే ఫిలోమినా గారు చెప్పక తప్పలేదు. ఓడలో కిరాయి కాళ్ళు దొరుకుతాయి. దిగడమే ఉద్యోగంగా చేసేవాళ్ళు, ఎప్పుడూ హుషారుగా ఉండేవాళ్ళు. అలాంటివాణ్ణి పెట్టుకుంటే నేను దిగకూడదు. ఇంటికి ఒకటే జత. నాకు మెడపట్టీ కూడా లేదు, ఇంటికి అయిదే ఇస్తారు. అంటే మిగతా ప్రయాణమంతా నేను గదిలో కూర్చుని, కళ్ళు మూసుకున్న అయిదుగురికి కాపలా కాయాలి.

"ఇంకొక్క దీవి చూద్దాం. ఒరేయ్, ఈసారి సంతోషంగా ఉండు," అన్నాడు నాన్న, పొద్దున్నే లేవమని చెప్పినట్టు.

మూడో దీవి

లోయ మీద తాడు. బావ కోరిక.

దిగేముందు సాధన చేశాను. అద్దం ముందు నవ్వాను. బావ చెప్పే ముతక జోకులన్నీ గుర్తు తెచ్చుకున్నాను. పడవలో ఈల వేశాను. చెవిలో బావ, "అదీ, అలాగుండాలి," అన్నాడు.

నడుముకి పట్టా బిగించి తోసేశారు. కింద లోయ, లోయలో అరటిచెట్లు, తెల్లటి కొంగల గుంపు నా పాదాల కింద ఎగురుతోంది. పట్టాని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. ఆ భయంలో ఇంకేదీ గుర్తు లేదు. చెవిలో గదంతా కేకలు. అమ్మ దేవుళ్ళందరినీ పిలుస్తోంది, అక్క నవ్వుతోంది, బావయితే "ఓరి నీయమ్మ," అని అత్తగారి పక్కనే అనేశాడు. నాకూ నవ్వొచ్చింది. నిజమైన నవ్వే. గెలిచేశాననుకున్నాను.

అవతలి గట్టుకి తగిలి ఆగాను. పట్టా దానంతటదే ఊడింది. ఒక చెక్క మెట్టు, ఒక స్తంభం, ఎటు దిగాలో చూపించే బాణం గుర్తు. అంతే. "చూశావా?" అందామని పక్కకి తిరిగాను. స్తంభం ఉంది.

గుండె మీద రాయి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆపుదామని చూశాను. బావ జోకులు మళ్ళీ తలుచుకున్నాను. ఒళ్ళు నా మాట వినలేదు.

చెవిలో కేకలు ఆగిపోయాయి. తరవాత అమ్మ గొంతు, నాతో కాదు, "తీసెయ్యండి, నావల్ల కావట్లేదు," అంది. ఒక్కొక్క పట్టీ ఊడదీస్తున్న టక్, టక్ చప్పుడు వినిపించింది. దారిలో దిగుతూ ఆ చప్పుళ్ళు లెక్కపెట్టుకున్నాను. నాలుగే వినిపించాయి.

నాలుగో దీవి

నేను దిగలేదు. దిగనివాడు చెప్పక్కర్లేదన్నారు డాక్టరు గారు. అయినా చెబుతున్నాను. ఈ యంత్రమొక్కటే అడ్డు చెప్పకుండా వింటుంది.

కిరాయి కాళ్ళాయన బాగా ఎర్రగా, బొద్దుగా ఉంటాడు. మా గదికొచ్చి అందరికీ నమస్కారం పెట్టి, అమ్మని "అమ్మగారూ", మామ్మని "పెద్దమ్మగారూ" అని పిలిచి, ఈల వేసుకుంటూ వెళ్ళాడు. ఈసారి గుర్రపు స్వారీ. మావాళ్ళు పట్టీలు బిగించుకుని పడుకున్నారు. కాసేపటికి నాన్న తుంటి ఊగడం మొదలుపెట్టింది. బావ పిడికిళ్ళు కళ్ళెం పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి. అక్క, అమ్మ, అందరి పెదాల మీదా ఒకేలాంటి నవ్వు, ఒకే కొలతలో.

నేను గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

"కూకోరా ఒకచోట, కాళ్ళు నొప్పెట్టట్లా?"

మామ్మ. లేచి మంచం మీద కూర్చుని ఉంది. పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం మామ్మా, గుర్రం బాలేదా?"

"గుర్రం బానే ఉంది. ఎక్కినోడే బాలేడు. ఆడి లోపలేం లేదురా. ఉప్పెయ్యని పప్పులాగున్నాడు." పట్టీని చీర చెంగుతో తుడిచింది. "మొన్న తాడు దిగాకా నేను తియ్యలేదు."

"ఏంటి?"

"పట్టీ. అందరూ తీసేశారు. నేను తియ్యలేదు. నువ్వు పడవెక్కేదాకా ఉంచుకున్నా."

కిటికీలోంచి దీవి పచ్చగా కనిపిస్తోంది.

"ఇంటికి ఒక జతేనా కాళ్ళు?" అంది.

"ఒకటే."

"మరి ఏరుపడిపోతేనో?"

"ఎవరు?"

"నేనే. ఇంకెవరు పడతారు, నువ్వా? పద, ఆ యానాం పిల్ల దగ్గరికి తీసుకెళ్ళు."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఫిలోమినా గారు మొదట నవ్వారు. మామ్మ నవ్వకపోయేసరికి పలక తెరిచి నియమాలు చదివారు. వేరే కుటుంబం అనిపించుకోవాలంటే వంట వేరు, బల్ల వేరు. కలిసి తింటే ఒకటే కుటుంబం కింద లెక్క.

"పొయ్యి ఏరైతే ఇల్లు ఏరు. మా రోజుల్లోనూ అదేనమ్మా. రాసుకో, అచ్చియ్యమ్మ, ఒకత్తే," అంది మామ్మ.

"ఒకసారి రాస్తే ప్రయాణం అయ్యేదాకా మళ్ళీ కలవడానికి లేదు మామ్మగారూ. ఒక్కరే తినాలి మరి."

"తింటాను."

భోజనాల గదిలో కిటికీ పక్కన ఒంటి బల్ల ఇచ్చారు ఆవిడకి. నాన్న చూసి, కంచం వదిలేసి వెళ్ళాడు. వెనకే నేనూ.

"ఏంటే అమ్మా ఇది? కొడుకు బతికుండగా ఏరు కాపరవేంటి? నేనేం తక్కువ చేశాను? ఊళ్ళో తెలిస్తే మొహం ఎక్కడెట్టుకోను?"

"ఊరెక్కడుందిరా? నీళ్ళలో ఉంది. చేపలనుకుంటాయేమో, అనుకోనీ."

"ఈ వయసులో ఒక్కదానివీ ఎలా దిగుతావు? పడితే పట్టుకునేదెవరు?"

"అదే నేనూ అడుగుతున్నాను. నీ తరపునెవడు దిగుతాడు, ఆ ఈలోడా? నేను పడితే ఆడు పట్టుకుంటాడా, ఈల ఏత్తాడా?"

నాన్న అటు చూశాడు, ఇటు చూశాడు. అప్పుడర్థమైంది ఆయనకి, మామ్మ ఏరుపడింది నా పక్కన దిగడానికేనని. నాకు అంతకుముందే అర్థమైంది, కానీ నమ్మబుద్ధి కాలేదు.

"ఆఖరి దీవి కూడా ఏడుపేనా?" అన్నాడు బల్ల దగ్గర్నుంచి బావ.

"మీరు తినండి," అంది అక్క.

నాన్న వెనక్కొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. "సరే, ఈడే దిగుతాడు," అన్నాడు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా.

ఆఖరి దీవి

మామ్మకి కొత్త కుటుంబపు సంచి ఇచ్చారు. అందులో తొడుగు, చెవిబిళ్ళ, అయిదు మెడపట్టీలు. చెవిబిళ్ళ పక్కన పడేసింది. తొడుగు జాకెట్టు కింద వేయడానికి అక్క సాయపడింది. పట్టీలు చేతిలో పట్టుకుని అడిగింది మామ్మ, "ఇయ్యెవరికి కట్టాలి? నా ఇంట్లో ఎవరున్నారు?" ఒకటి తీసి నా జేబులో కుక్కింది.

ఏం ఎంచుకుంటారని అడిగారు ఫిలోమినా గారు. నాన్న మొదటిసారి నన్ను చూపించాడు. నేను మామ్మని చూపించాను.

"కూచుంటాం," అంది మామ్మ.

"అది పలక మీద లేదు మామ్మగారూ."

"అయితే అద్దం పడవని రాసుకో. ఎక్కం."

పడవలోంచి ఇసుక మీదికి మామ్మని ఎత్తుకునే దింపాను. దింపగానే చెప్పులు విప్పేసింది. వంగి నేల ముట్టి కళ్ళకద్దుకుంది. లేవలేకపోయింది, లేపాను. నాలుగడుగులు నడిచి, ఒక వంగిన కొబ్బరిచెట్టు నీడలో కూలబడ్డాం. చుట్టూ ఒక్కో మనిషి ఒక్కో పని మీద పరుగెడుతున్నాడు, గాలితో మాట్లాడుకుంటూ. మామ్మ నడుం దగ్గర్నుంచి మూట తీసింది. చేగోడీలు.

"ఎక్కడివే?"

"ఇంటికాడ్నుంచి తెచ్చా. మెత్తబడ్డాయి. తిను."

తిన్నాం. నా తలకి నూనె లేదని తిట్టింది. చొక్కా గుండీ సరిగ్గా లేదని తిట్టింది. చెవిలో మావాళ్ళు చడీచప్పుడూ చేయడం లేదు. పట్టీలు తీసేశారేమో అనుకున్నాను.

జేబులో చెయ్యి పెడితే మామ్మ ఇచ్చిన పట్టీ తగిలింది. అన్నాళ్ళూ పంపడమే గానీ, నాకెప్పుడూ ఏదీ రాలేదు. అది ఎలా ఉంటుందో తెలీదు. తీసి మెడకి కట్టుకున్నాను.

ముందు మోకాళ్ళు వచ్చాయి. లోపలెవరో రంపం పెట్టి తీరుబడిగా కోస్తున్నట్టు నొప్పి. నేల ముట్టుకుంటానని వంగింది ఈ మోకాళ్ళతోనా అనుకున్నాను. తరవాత నాలుక మీద చేగోడీ, సగం పళ్ళు లేని నోట్లో మెత్తబడ్డాకే మేలన్నట్టు. ఆ తరవాత గుండె దగ్గర ఒక రాయి.

నాదే అనుకున్నాను. చెయ్యి పెట్టి చూసుకున్నాను. నాది నాకు తెలుసు, దాని చోటూ తెలుసు. ఇది నాది కాదు. పాతది, బాగా అరిగి నున్నబడ్డది. దాన్ని మోయడం ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని మోస్తూనే ఆవిడ నా గుండీ సంగతి చూస్తోంది.

"మామ్మా, ఎప్పట్నుంచి?"

"ఏంటి?"

"ఇది." గుండె చూపించాను.

నా మెడలో పట్టీ చూసింది. మొహం ముడుచుకుంది, తనని చీర లేకుండా నేను చూసినట్టు. వెంటనే చెయ్యెత్తి నా నెత్తి మీద గట్టిగా మొట్టింది. "పెద్దోళ్ళ ఒంట్లోకి దూరతావా?"

నెత్తి నొప్పి నాది. వేలి కణుపుల నొప్పి ఆవిడది. రెండూ నాకే తెలిశాయి. చెవిలో నలుగురూ ఒకేసారి "అబ్బా" అన్నారు.

తీసెయ్యలేదన్నమాట. నాకు వచ్చిందంతా వాళ్ళకీ వెళుతోంది. మోకాళ్ళూ, రాయీ.

తరవాత నాన్న గొంతు వినిపించింది, నిద్రలోంచి లేచినవాడిలా.

"ఒరేయ్. మోకాళ్ళు ఇంత నొప్పెడుతున్నాయని ఎప్పుడూ చెప్పలేదేంటని అడుగు అమ్మని."

అడిగాను.

మామ్మ ఇంకో చేగోడీ నోట్లో వేసుకుంది. "అడిగితే కదా చెప్పడానికి."

అది కూడా వాళ్ళకి చెప్పాను. రాయి సంగతి నాన్న అడగలేదు. అడగలేడు. కానీ పడవ కూత వేసేదాకా ఎవరూ పట్టీ తీసిన చప్పుడు కాలేదు. నేను జరిగి మామ్మ భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. రెండు రాళ్ళూ పోలేదు. పక్కపక్కన ఉన్నాయి, అంతే.

తిరుగు పడవలో సీటుకొకడు. మేమిద్దరం ఒకే సీట్లో ఇరుక్కున్నాం.

ఇది భోజనాల గదిలో, యంత్రాన్ని నోటి దగ్గర పెట్టుకుని, గొంతు తగ్గించి చెబుతున్నాను. నా తొడుగు ఇచ్చేశాను. మామ్మ తనది విప్పలేదు, ఓపిక లేదంది. పట్టీ నా చొక్కా కాలరు కింద ఇంకా ఉంది, ఎవరూ చూడలేదు. నియమం నియమమే కాబట్టి ఆవిడ కిటికీ పక్కన ఒంటి బల్ల దగ్గర, మా వైపు వీపు పెట్టి తింటోంది. నాన్న ఆ వీపు వైపే చూస్తూ అన్నం కెలుకుతున్నాడు.

మామ్మ చారన్నం కలుపుకుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఉప్పు తక్కువైంది. ఉప్పు గిన్నె తీసుకుని లేచాను.